ఎత్తని చెయ్యి

2008 ఏప్రిల్ 6, ఆదివారం

పౌర వేదిక మీటింగ్ మళ్ళీ మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లోనే. కాలేజీలో నేను ఎర్రజెండా పట్టుకు తిరిగినదాన్ని. మా పై అంతస్తు భుజంగరావుగారు బ్యాంకులో రిటైరయ్యేదాకా ఉదయం పూట కాషాయ జెండా శాఖకు వెళ్ళినవారు. పాతవాటి మీద ఇద్దరికీ విసుగు పుట్టింది. ఈ వేదికలో మమ్మల్ని కలిపింది ఆ విసుగే. లెఫ్టూ కాదు, రైటూ కాదు, చెరువూ నీళ్ళూ రోడ్డూ అని ఆయన ప్రతిసారీ చెబుతారు. నమ్ముతున్నాననే అనుకుంటున్నాను.

వచ్చే నెల అసెంబ్లీ ఎన్నికల్లో హనుమక్కను నిలబెడదామని తేల్చాం. కదిరి వైపు నుంచి వచ్చి ఇక్కడ కె.ఆర్.పురంలో ఇళ్ళు కట్టే పని చేసుకుంటోంది. ఒంటరి మనిషి. ట్యాంకర్ల వాళ్ళతో పోట్లాడి చెరువు కట్ట మీది ఇళ్ళకు కొళాయి తెప్పించింది. ఆమె పేరు చెప్పగానే అందరం చప్పట్లు కొట్టాం.

ఏప్రిల్ 9

ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్. బ్రూక్‌ఫీల్డ్ నుంచి ఇల్లు చేరేసరికి ప్రాణం పోయింది. ఏమీ రాయలేను.

ఏప్రిల్ 13, ఆదివారం

మేనిఫెస్టో మీటింగ్. మొదటి పాయింటే చెరువు. కట్ట మీది ఆక్రమణలన్నీ తీసేయాలని భుజంగరావుగారు చదివారు. చివరి కుర్చీలోంచి హనుమక్క నెమ్మదిగా అడిగింది.

"ఆ కట్ట మీదనే కదప్పా నా ఇల్లుండేది. అదీ తీసేస్తారా?"

ఊరికి ఆ చివరెక్కడో ఉన్న జిగణి దగ్గర ప్రభుత్వం ఇళ్ళు ఇచ్చేలా చూద్దామని ఆయన ఎంతో మర్యాదగా చెప్పారు. ఆయన చెడ్డవారు కాదు. మురుగు కలిసి చేపలు చచ్చి తేలిన రోజు ఆయన కళ్ళు తుడుచుకోవడం చూశాను. పని ఇక్కడుంటే జిగణికి పోయి ఏం చేసుకోవాలంది హనుమక్క.

ఆ పాయింట్ ఉంచాలా, తీసేయాలా? చేతులెత్తమన్నారు. రెండు వైపులా సమానంగా లేచాయి. మిగిలింది నేను. ఇంకోసారి చర్చిద్దామన్నాను. చెయ్యి ఒళ్ళోనే ఉండిపోయింది.

హనుమక్క టీ తాగి, గ్లాసు కడిగి పెట్టి వెళ్ళిపోయింది.

ఏప్రిల్ 23

నామినేషన్లకు ఆఖరి రోజు. హనుమక్క రాలేదు.

ఏప్రిల్ 27

కట్ట మీదికి వెళ్ళాను. పెద్ద పార్టీ ఒకటి పంపిన ఆటోలో హనుమక్క ప్రచారానికి బయల్దేరుతోంది. ఇళ్ళకు పట్టాలిస్తామన్నారట. నమ్ముతున్నావా అని అడిగాను.

"నమ్మేకి ఏముండాది వరూధినమ్మా. అబద్ధమో నిజమో, వాళ్ళు నా ఇంటి గురించి ఒక మాట చెప్పినారు. నువ్వు ఏమీ చెప్పకపోతివి."

ఆటోను ఆగమని, నాకు పీట వేసి కూర్చోమంది. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

మే 10

ఓటు వేశాను. ఎవరికో ఇక్కడ కూడా రాయబుద్ధి కావడం లేదు.

జూన్ 12

గెలిచినవాళ్ళూ ఓడినవాళ్ళూ ఎవరూ కట్ట మీదికి రాలేదు. జేసీబీలు వచ్చాయి. చెరువు బాగుచేయడానికట.

లీవు పెట్టి వెళ్ళి హనుమక్క గుమ్మంలో నిలబడ్డాను. పక్కకు జరగండి మేడం అన్నాడు కానిస్టేబుల్. జరగలేదు. ఇద్దరు లేడీ కానిస్టేబుళ్ళు వచ్చి జరిపారు. గోడ పడిపోవడానికి ఎంతోసేపు పట్టలేదు. హనుమక్కా నేనూ రేకులు మోశాం. చివర్లో, "యాడికి పోవల్ల?" అంది. మా ఇంటికి అన్నాను.

జూన్ 13

బాల్కనీ నిండా హనుమక్క బిందెలు. బయటివాళ్ళను ఉంచుకోవడం అపార్ట్‌మెంట్ అసోసియేషన్ రూల్సుకు విరుద్ధమని భుజంగరావుగారి ఫోన్. మా ఇంట్లో బయటివాళ్ళెవరూ లేరని చెప్పి పెట్టేశాను.

హాల్లో ఆమె ఇంకా నిద్రపోతోంది. ఫ్యాన్ తగ్గించాను.