అద్దాల చున్నీ

అమలాపురం,
ఏప్రిల్ 10.

ఝాన్సీ,

ఫోనులో నీ గొంతు వింటే ఈ మాట చెప్పలేను. అందుకే కాగితం తీసుకున్నాను.

కాన్వెంటు రోజుల నుంచీ మనకి విడిగా ఏదీ లేదు. ఒకే పుస్తకం ఇద్దరం కలిసి చదివేవాళ్ళం. నువ్వు పేజీ ముందే ముగించి, నేను తిప్పేదాకా గోళ్ళు కొరుక్కునేదానివి. ఇంటర్ పరీక్షల ముందు ఆదివారం నీకు జ్వరం. హాస్టల్ మంచం మీద పడుకునే, మీ అమ్మ అద్దాలు కుట్టిన పసుపు చున్నీ నాకిచ్చావు. "ఎండగా ఉంది, మొహానికి కట్టుకో. నాక్కూడా పెన్ను తే" అన్నావు. మా శివప్రసాద్ అన్నయ్య బండి మీద ఐనవిల్లి వెళ్ళి, వినాయకుడి దగ్గర పెట్టిన పెన్నులు రెండు తెచ్చాను.

ఆ సాయంత్రం టీవీలో మేమిద్దరం. "పరీక్షల వేళ ముసుగుల్లో ప్రేమ షికార్లు. టౌను పిల్లల తీరిది." మేం అన్నాచెల్లెళ్ళమా అని ఎవరూ అడగలేదు. మీ ఊళ్ళో, అంతర్వేది రేవులో టీ కొట్టు దగ్గర అందరూ చూసి, చున్నీని బట్టి నువ్వే అనుకున్నారు.

మర్నాడు మీ నాన్నగారు మా ఇంటికి వచ్చారు. కూర్చోమన్నా కూర్చోలేదు. "అమ్మా దుర్గా, చున్నీ నీకిచ్చానంటందమ్మా మా పిల్ల. నిజమేనా?" అన్నారు. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "కాదు బాబాయిగారూ" అన్నాను. "ఆయ్, సరేనమ్మా" అని వెళ్ళిపోయారు.

నేను ఊళ్ళో లేనని, అందుకే అడగడం కుదరలేదని ఆయన నీకు చెప్పారు. ఉన్నాను ఝాన్సీ. నిన్ను చదువు మాన్పించారు, నువ్వు పరీక్ష రాయలేదు. నేను రాశాను, ఆ పెన్నుల్లో ఒకదానితో.

ఇది జరిగి ఎనిమిదేళ్ళు. నిన్న నేను పనిచేసే వార్తల చానెల్లో ఒక క్లిప్పు ఇచ్చారు. బండి మీద ఇద్దరు, అమ్మాయి మొహానికి చున్నీ. "ముసుగు మీద ఘాటుగా రెండు లైన్లు రాయండి" అన్నారు మా ఎడిటర్ సత్యదుర్గారావుగారు. "ఎండ ముదిరింది. పిల్లలు మొహాలకు చున్నీలు కట్టుకుంటున్నారు" అని రాసిచ్చాను. "ఇది వార్తాండీ, వాతావరణమా?" అని నవ్వేరు. వేరే వాళ్ళ చేత రాయించారు. నేను ఉద్యోగం మానేసి వచ్చాను.

నెలాఖరు ఆదివారం వచ్చి మీ నాన్నగారికి నిజం చెప్తాను. ఆ తర్వాత నువ్వు నాతో మాట్లాడకపోయినా సరే.

నీ
లక్ష్మీదుర్గ


అంతర్వేది,
ఏప్రిల్ 17.

దుర్గా,

నీ ఉత్తరం నాన్నకి చదివి వినిపించాను. వల బాగుచేసుకుంటూనే విన్నారు.

"ఆ రోజే తెలుసే. ఆ పిల్ల కాదంటన్నప్పుడు వెనకాల దండెం మీద నీ చున్నీ ఆరతా ఉంది" అన్నారు.

"మరి నా చదువెందుకు మాన్పించేరు?" ఇన్నేళ్ళకి అడిగాను.

"నాకు తెలిస్తే ఏం లాభం? రేవంతా టీవీ చూసింది. నువ్వు కాదని చెప్పాలంటే ఆ పిల్ల పేరు చెప్పాలి. అన్నతోనే వెళ్ళిందంటే ఎవరు నమ్ముతారు? అదీ ఆడపిల్లే కదా."

నాకు కోపం వచ్చింది, ఆయన మీదా, నీ మీదా. మూడు రోజులు ఉంది. ఇంకా కాస్త ఉంది.

ఓపెన్ ఇంటర్‌లో చేరాను. నా పెన్ను తీసుకురా.

నాన్నకి నువ్వు చెప్పాల్సిందేమీ లేదు. ఆ టీ కొట్టు ఇంకా ఉంది. ఆదివారం పొద్దున్న అందరూ అక్కడే ఉంటారు. వాళ్ళకి చెప్పు. నలుగురిలో నీకు నోరు పెగలదని తెలుసు, పక్కన నేనుంటాను.

నా చున్నీ వేసుకుని రా. మొహానికి కాదు, భుజం మీద.

ఝాన్సీ