గానుగ షెడ్డులో హమ్మింగ్

చోడవరం,
జూన్ 29, 2025.

ప్రియమైన మిరియమక్కకి,

నేను మణిని. నా చేతిరాత చూసి నవ్వకండి, పదో తరగతి పరీక్షల తర్వాత కాగితం మీద ఇంత రాయడం ఇదే. మొన్న ఫోన్లో మీరు "ఒరే మణీ, నీ గొంతెనకాల ఏటో గుయ్యిమంటందిరా, ఫ్యానేటి?" అని అడిగారు. నేను జవాబు చెప్పకుండా పెట్టేశాను. సిగ్నల్ పోయిందనుకుని ఉంటారు. పోలేదక్కా. ఆ సమయానికి చోడవరం అంతా కరెంటు లేదు. నా మైక్ సెట్ షాపులో ఫ్యాను తిరగడం లేదు, ఆంప్లిఫయర్ వెలగడం లేదు. అయినా మీరు విన్నారు. రెండేళ్లుగా అది నాకొక్కడికే వినబడుతోందనుకుంటున్నాను. ఇక ఫోన్ చెయ్యను. మీ బెంగుళూరు నర్సుల హాస్టల్ అడ్రసు మా డ్రమ్స్ కొట్టే ప్రిన్స్‌ని అడిగి తీసుకున్నాను.

జూలై పదమూడున మీ తమ్ముడు నోవహు రెండో జ్ఞాపకార్థ కూడిక. సెట్ నన్నే పెట్టమన్నారు. వాడు పోయినప్పుడు ఆదరణ కూడికలో చెప్పిన సాక్ష్యమే మళ్లీ చెప్పమన్నారు. సెట్ పెడతాను. సాక్ష్యం మాత్రం నావల్ల కాదు. ఎందుకో చెప్పాలంటే ముందు ఆ మోత సంగతి చెప్పాలి.

కరెంటు సామాన్లలో సన్నగా, ఆగకుండా వచ్చే మోతని మా పనివాళ్లం హమ్మింగ్ అంటాం. ఎర్త్ తిన్నగా లేకపోతే వస్తుంది. నాకు అన్నీ తిన్నగా ఉన్నా వస్తోంది. మొన్న మాడుగులలో పెళ్లికి వెళితే, బాక్సులు ఇంకా ఆటోలోంచి దించనే లేదు, మిట్టమధ్యాహ్నం ఖాళీ పందిట్లో వినబడింది. నాకు ఈ పని నేర్పిన సత్తిబాబు గారు పక్కనే ఉన్నారు. "బాబూ, వినబడతందా?" అన్నాను. "ఏటిరా? కాకులు తప్ప ఏటీ నేదు" అన్నారు. ఇంట్లో నీళ్ల బిందె మూత తీస్తే అందులోంచి వస్తుంది. మందిరంలో అందరూ కళ్లు మూసుకుని మౌనంగా ఉన్నప్పుడైతే మరీను. నేను కళ్లు తెరిచి ఒక్కొక్కరి మొహం చూస్తాను. ఎవరికీ ఏమీ లేదు. మీ అమ్మగారు, పెద్దమ్మ, ఆ లోపల ఉండదు. బయట చెప్పులు విడిచేచోట కూర్చుంటుంది. ప్రాణం తీసుకున్నవాడి తల్లిని, లోపల ఏ మొహం పెట్టుకుని కూర్చోవాలంటుంది.

మా బ్యాండంటే మీకు చిరాకని తెలుసు. మీరు ఉద్యోగానికి వెళ్లిపోయాక వాడికి గ్రంజ్ పిచ్చి ముదిరింది. తొంభైల్లో అమెరికాలో సియాటిల్ అనే వానల ఊళ్లో కుర్రాళ్లు చిరుగుల స్వెట్టర్లు, గళ్ల చొక్కాలు వేసుకుని, గిటార్లు గరగరలాడిస్తూ, కడుపులో ఉన్న ఏడుపంతా అరిచి పాడారట. రెండు మూడేళ్లలో లోకమంతా అదే పాట. "మనకీ వానలున్నాయి, సిరుగులున్నాయి. ఇంకేటి కావాల్రా?" అన్నాడు వాడు. రావికమతం రోడ్డులో పరదేశి గారు బెల్లం వండే గానుగ షెడ్డు సీజన్ అయ్యాక ఖాళీగా ఉంటుంది. వాడు గిటారూ పాటా, ప్రిన్స్ డ్రమ్స్, నేను సౌండు. ఆ షెడ్డులో హమ్మింగ్ ఎప్పుడూ ఉండేది. వాడు గిటార్ తీగల్ని ఆ మోతకే దించి శ్రుతి చేసుకునేవాడు. "ఉండనీరా, అదే మన శ్రుతిపెట్టి" అనేవాడు. నాకేమో ఒళ్లు మండిపోయేది. సౌండువాడి పరువు పోతుంది కదా!

ఇప్పుడు నాకు వినబడేది సరిగ్గా ఆ శ్రుతే. మిగతాది రాయడానికి ఈ పూట నాకు ధైర్యం చాలడం లేదు.

మీ తమ్ముడిలాంటివాడు,
మణి.

*

చోడవరం,
జూలై 3, 2025.

మిరియమక్కా,

మీ జవాబు కోసం ఆగలేదు. ఆగితే మళ్లీ పిరికివాణ్ణయిపోతాను.

ఆదరణ కూడికలో నేను లేచి ఏం చెప్పానో మీకు గుర్తుంది. గ్రంజ్ ఎంత వేగంగా లేచిందో అంత వేగంగా కూలిపోయిందన్నాను. దాన్ని లోకమంతటికీ వినిపించినవాడే తన ప్రాణం తనే తీసుకున్నాడన్నాను. అది పాడినవాళ్లని మింగే సంగీతం, మనవాడినీ మింగేసిందన్నాను. పెద్దలంతా తలలూపారు. షెడ్డు మూల పరదేశి గారి గడ్డిమందు డబ్బా ఉంది, వాడి నోటుబుక్కులో చావు మీద పాటలున్నాయి, వాటికి తోడు నా సాక్ష్యం. ఇంకేం కావాలి? అంతకు ముందే, వాడు పోయిన రోజే, మందు తాగాడనుకుని పెద్దలు పోలీసులకి గుండెపోటని చెప్పి, ఆసుపత్రికి పంపకుండా, సాయంత్రానికల్లా సమాధి చేసేశారు. మర్నాడు మీరు రైలు దిగేసరికి మట్టి కూడా ఆరిపోయింది.

వాడు మందు తాగలేదక్కా. వాడికి కరెంటు కొట్టింది. కొట్టేలా చేసింది నేను.

విశాఖలో ఒక కాలేజీ పోటీకి మా పాట పంపాలి. రికార్డింగులో మోత పడకూడదని నా పట్టుదల. మా మైక్ సెట్ వాళ్లు చేసే తప్పుడు పని ఒకటుంది. మోత పోవాలంటే ఆంప్లిఫయర్ ప్లగ్గులో ఎర్త్ వైరు కత్తిరించేస్తాం. టక్కున ఆగిపోతుంది. కానీ లోపల ఎక్కడైనా కరెంటు లీకయితే దానికి వేరే దారుండదు, గిటార్ తీగలు పట్టుకుని మైకుకి మూతి ఆనించినవాడి ఒళ్లే దారి. "వానాకాలం ఆ పని సెయ్యకురా" అని సత్తిబాబు గారు ఎన్నిసార్లు చెప్పారో! చేశాను. వాడికి చెప్పలేదు. చెబితే ఒప్పుకోడు. గ్రంజ్ ఎందుకు పోయిందో వాడు వేరేగా చెప్పేవాడు. "ఆ పాటగాడు సచ్చిపోయినందుకు కాదురా. కంపెనీలోళ్లు ఆ పాటని కడిగి తుడిసీసేరు. ఆ సిరుగుల సొక్కాలే అద్దాల షాపుల్లో అమ్మేరు. అప్పుడు పోయింది" అనేవాడు. ఆ మాట నేను కూడికలో చెప్పలేదు.

ఆ రోజు పొద్దున ప్రిన్స్ రాలేదు. వాన జల్లుకి షెడ్డు నేలంతా తడి, వాడు వట్టికాళ్లతో ఉన్నాడు. వైరు కత్తిరించగానే మోత ఆగిపోయింది. వాడు తలెత్తి, "ఏట్రా, సెవిటోణ్ణయిపోయినట్టుంది" అన్నాడు. "టీ తెస్తాను, ఈలోగా మైకు టెస్ట్ చేసుకో" అన్నాను. "అల్లం ఎయ్యమను" అన్నాడు. వాడు నాతో అన్న ఆఖరి మాట అదే.

ఇరవై నిమిషాలకి తిరిగొస్తుంటే రోడ్డు మీదికే మోత వినబడింది. వైరు కత్తిరించాక అది రాకూడదు కదా అనుకుంటూ లోపలికి వెళ్లాను. వాడు నేల మీద వెల్లకిలా ఉన్నాడు, గిటారు గుండెల మీద ఉంది. మెయిన్ ఆపేశాను. మోత ఆగలేదు. ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూశాను, గుండె నొక్కాను, పేరు పెట్టి అరిచాను. ఒళ్లు వెచ్చగానే ఉంది, ఊపిరి లేదు. అప్పుడు నేను చేసిన పని రాయడానికి సిగ్గుగా ఉంది. ఆంప్లిఫయరూ మైకూ వైర్లూ నా ట్రాలీ ఆటోలో వేసుకుని షాపులో దింపి, మళ్లీ వెనక్కొచ్చి, అప్పుడు నలుగురినీ పిలిచాను. ఆ దారంతా మోత ఆటోలో నాతోపాటే ఉంది.

పెట్టెలో పడుకోబెట్టాక తెల్ల చేతొడుగులు తొడగాలి కదా. "నేను తొడుగుతాను, నా ఫ్రెండు" అన్నాను. అందరూ బావురుమన్నారు. నేను తొడిగింది ప్రేమతో కాదక్కా. వాడి ఎడమ చేతి వేళ్ల మీద తీగలు కాల్చిన గీతలున్నాయి.

పెద్దమ్మకి చెప్పమంటే చెబుతాను. పోలీసు స్టేషనుకి వెళ్లమంటే వెళతాను. వాడు చావాలనుకోలేదని ఒక్క మాట నమ్మండి చాలు.

మణి.

*

చోడవరం,
జూలై 8, 2025, మంగళవారం.

తమ్ముడు మణికి,

తమ్ముడు అని రాయడానికి చెయ్యి ఆడలేదు. చిన్నప్పటి అలవాటు కాబట్టి రాసేశాను, కొట్టెయ్యను. నీ రెండో ఉత్తరం అందిన పూటే సెలవు పెట్టి వచ్చేశాను. నీ షాపు రెండు వీధుల అవతలే ఉన్నా నీ మొహం చూడలేక ఇది ప్రిన్స్‌తో పంపుతున్నాను.

ముందు నా అబద్ధం చెప్పనీ. ఫోన్లో నీ గొంతు వెనకాల నాకే మోతా వినబడలేదు. జ్ఞాపకార్థ కూడికకి ఫోటో పెద్దది చేయిద్దామని ప్రిన్స్‌ని అడిగితే, పెట్టె చుట్టూ నిలబడి తీయించుకున్నవన్నీ పంపాడు. ఒకదాంట్లో నువ్వు వాడికి చేతొడుగు తొడుగుతున్నావు. ఒక చెయ్యి ఇంకా బయటే ఉంది. పెద్దది చేసి చూస్తే వేళ్లకి అడ్డంగా నల్లటి గీతలు. క్యాజువాలిటీలో ఆరేళ్లు పనిచేశాను, కరెంటు కొట్టిన చెయ్యి నాకు తెలుసు. నువ్వు దాస్తున్నావని అర్థమైంది. భయపడితే బయటపడతావని ఏదో ఒకటి అనేశాను. గుయ్యిమంటందన్న మాటే నా నోటికెందుకొచ్చిందో నాకు తెలియదు. నువ్వు అదే మోత రెండేళ్లుగా వింటున్నానని రాస్తే, పట్టపగలే హాస్టల్ వరండాలోంచి లేచి నలుగురున్న గదిలోకి వెళ్లి కూర్చున్నాను.

నిన్న అమ్మ గోంగూర వలుస్తుంటే రెండు ఉత్తరాలూ చదివి వినిపించాను. మధ్యలో ఆపలేదు. అంతా అయ్యాక, "అయితే ఆడు టీ కోసం సూస్తన్నాడేటే?" అంది. "అవునమ్మా." "అల్లం ఎయ్యమన్నాడా?" "అవునమ్మా." అదే మూడుసార్లు అడిగింది. తర్వాత ఏడ్చింది. ఈ రెండేళ్లూ చాటుగా ఏడ్చినట్టు కాదు, వీధిలోకి వినబడేలా ఏడ్చింది. పక్కింటి దుర్గాదేవి పరిగెత్తుకొస్తే "నా గుంటడు మందు తాగలేదే, నా గుంటడు పరలోకంలో ఉన్నాడే" అని ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది.

నీ మోత గురించి కూడా అడిగాను. నోవహేమోనని నాకే అనిపించింది. "ఆడు కాదు" అంది వెంటనే. "ఆడైతే ముందు నాకాడికి వచ్చీవోడు. రెండేళ్లు సెవులప్పగించి కూకున్నాను, నాకేటీ వినబడనేదు." మరి నీకు వినబడేది ఏమిటో మా ఇద్దరికీ తెలియదు, మణీ.

నిన్ను క్షమించానని రాయలేను. వచ్చే ఆదివారం పదిన్నరకి కూడికలో నీ మైకు ముందు నువ్వే నిలబడి, వైరు కత్తిరించిన దగ్గర్నుంచి చేతొడుగుల దాకా ఒక్కటీ వదలకుండా చెప్పాలి. సోమవారం నీతో స్టేషనుకి నేను కూడా వస్తాను. ఆ తర్వాత అన్నానికి పిలవమంటావా అని అమ్మనడిగాను. చిన్నప్పుడు మీ ఇద్దరికీ ఒకే కంచంలో పెట్టిన మనిషి కదా, ఏమంటుందో చూద్దామని.

వలిచిన గోంగూర కాడలన్నీ చేటలోకి ఎత్తింది. తర్వాత, "అందరి ముందూ సెప్పమను. సెప్పీసేక మనింటికి మాత్రం రావద్దను. కోపం కాదే. మణిగాడు గుమ్మంలోకొస్తే, ఎనకాల మనోడు వస్తన్నాడేమోనని సూసీస్తాను" అంది.

మిరియం.