బ్రెడ్ అంటే రొట్టె, రెడ్ అంటే ఎరుపు

డోర్నకల్ నుంచి,
మంగళవారం

నన్ను ఎత్తుకుని పెంచిన మా అక్కకు, తమ్ముడు నర్సింహులు కాళ్ళకు మొక్కి రాస్తున్న ఉత్తరం. నేను ఇక్కడ బాగానే ఉన్నాను. నువ్వు, బావ, పిల్లలు ఎట్లా ఉన్నారు? అవ్వకు దగ్గు తగ్గిందా? ఆమె రెండు పూటలా తింటున్నదని పోయిన ఉత్తరంలో బావ రాశాడు. చదివాక మనసు కుదుటపడింది. జనగామ దిక్కు మళ్ళీ పోలీసు లారీలు తిరుగుతున్నాయని రైలు దిగినవాళ్ళు చెప్తున్నారు. పొద్దుగూకిన తర్వాత పిల్లల్ని చేను వైపు పంపకండి. నా గురించి దిగులు పెట్టుకోకు. నేను బాగానే ఉన్నాను.

నెల రోజులుగా ఉత్తరం లేదని బావ కోపం చేశాడు. రాద్దామని మూడుసార్లు కూర్చున్నాను. మూడుసార్లూ 'క్షేమం' అని రాసి, ఆ తర్వాత చెయ్యి సాగక కాగితం చింపేశాను. ఈసారి ఉన్నదున్నట్టు రాస్తాను. బావా, ఇది అక్కకు ఒక్కదానికే చదివి వినిపించు. అవ్వకు మాత్రం వద్దు.

గూడ్స్ షెడ్డులో నా పని మునుపటిలాగే ఉంది. బస్తాల మీద, పెట్టెల మీద ఊళ్ళ పేర్లు రాయాలి. జనగామ కోర్టు ముందు ఉర్దూ దరఖాస్తులు రాసి బతికినవాణ్ణి కదా, నిజాం రాజ్యం పోయాక నా ఉర్దూతో ఎవరికీ పని లేకుండా పోయింది. ఇక్కడి కాగితాలన్నీ ఇంగ్లీషులోనే ఉంటాయి. మొదట్లో ఆ అక్షరాలను చూసి బొమ్మలు గీసినట్టు గీసేవాణ్ణి. పది రోజులుగా వాన వదలడం లేదు. ఉతికిన అంగీ ఆరదు. అన్నం తింటున్నా తడిసిన గోనె వాసనే వస్తుంది. పొద్దున్నే జొన్నగటక వండుకుని, నువ్వు పంపిన చింతతొక్కు నంజుకుంటాను. అది అయిపోవచ్చింది. ఎవరైనా ఇటు వస్తే కొంచెం పంపించు.

చుట్టూ మనుషులున్నారు గాని మనసు విప్పి మాట్లాడటానికి ఒక్కరూ లేరు. షెడ్డులో గుమాస్తాలు ఇద్దరూ బెజవాడ వైపు వాళ్ళు. నేను 'ఏంది' అన్నానంటే చాలు, ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుతారు. నేను మాట్లాడేది వాళ్ళకు తెలుగే కాదు. కనీసం ఇంగ్లీషన్నా నేర్చుకుంటే ఆ నవ్వు ఆగుతుందనుకున్నాను.

నేర్పింది దేవదానం పంతులు. చర్చి బడిలో చాలా ఏళ్ళు పాఠాలు చెప్పి, ఇప్పుడు వయసు మీరి ఇంట్లో ఉంటున్నాడు. సాయంత్రం పూట నన్ను అరుగు మీద కూర్చోబెట్టుకుని, ఒకే తీరుగా మోగే మాటలను పలక మీద ఒకదాని కింద ఒకటి రాసేవాడు. రెయిన్ అంటే వాన, ట్రెయిన్ అంటే రైలు, పెయిన్ అంటే నొప్పి. బెల్ అంటే గంట, వెల్ అంటే బావి, టెల్ అంటే చెప్పు. హాట్ అంటే వేడి, పాట్ అంటే కుండ. మరుసటి రోజు పలక తుడిచేసి, ఒక్క మాట చెప్పి మిగిలినవి నన్ను అందుకొమ్మనేవాడు.

నాకు తొందరగానే పట్టుబడింది. జనగామలో ఉస్తాద్ దగ్గర ఉర్దూ చదివేటప్పుడు, పాదం చివర ఒకే మోత వచ్చే మాటలు వెతకడమంటే నాకెంత ఇష్టమో నీకు తెలుసు. పొయ్యి ముందు కూర్చుని నీకు వినిపిస్తే, అర్థం కాకపోయినా నవ్వేదానివి. కాని ఇంగ్లీషులో మోత ఒకటి, రాత ఒకటి. బెడ్, హెడ్, బ్రెడ్, రెడ్, డెడ్. పడక, తల, రొట్టె, ఎరుపు, చచ్చిపోయిన మనిషి. నేను పనిచేసే షెడ్డు కూడా ఆ వరసలోదేనని తెలిసి చిన్నపిల్లవాడిలా సంబరపడ్డాను.

"మోతను నమ్మకు నర్సింహులూ" అనేవాడు పంతులు. "ముందల అక్షరం జూడు. అది జారితే మాటే మారిపోతది."

నేను తల ఊపేవాణ్ణి. బస్తాలు దింపుతున్నంతసేపూ ఆ మాటలను పాటలాగా పాడుకునేవాణ్ణి. గుమాస్తాలకు వినపడాలనే కొంచెం గట్టిగా పాడేవాణ్ణి.

నెలన్నర కిందట ఒక పొద్దున షెడ్డు ముందు పోలీసు జీపు వచ్చి ఆగింది. గార్ల దారిలోని క్యాంపుకు కొత్త అధికారి వచ్చాడు. దూరపు దక్షిణం మనిషి, ఉర్దూ రాదు, తెలుగు రాదు. తర్జుమా చేసే మనిషికి జ్వరం తగిలిందట. ఇక్కడ ఇంగ్లీషు వచ్చినవాళ్ళున్నారా అని జవాను అడిగితే, పెద్ద గుమాస్తా నన్ను చూపించి, "వీడున్నాడుగా, పొద్దస్తమానం ఇంగ్లీషు పాడుతూనే ఉంటాడు" అన్నాడు. ఎగతాళికి అన్న మాట అది. నాకు రాదని చెప్పి ఉండవచ్చు. కాని గుమాస్తాలిద్దరూ నా మొహమే చూస్తున్నారు. అంగీ సవరించుకుని జీపెక్కాను.

క్యాంపులో ఒక తల్లి, ఆమె కొడుకు నిలబడి ఉన్నారు. తల్లి పేరు లచ్చవ్వ, కొడుకు సమ్మయ్య. కొడుక్కి నా వయసే ఉంటుంది. వాళ్ళది చిట్యాల దిక్కు. అక్కడ పోలీసు దాడులకు ఊళ్ళు ఖాళీ అవుతుంటే ఇటు వచ్చి కూలి చేసుకుంటున్నారు. ఎర్రజెండా సంఘం వాళ్ళు వీళ్ళ గుడిసెకు వచ్చి పోయారని ఎవరో చెప్పారట. అధికారి అడిగిన దాంట్లో 'ఎవరు', 'ఇల్లు', 'రావడం' అన్న మూడు మాటలే నాకు తెలిశాయి. వాటిని కూడగట్టుకుని అడిగాను.

"వచ్చిండ్రు బిడ్డా, అబద్ధమెందుకు" అంది లచ్చవ్వ. "ముగ్గురు వచ్చిండ్రు. ఆకలైతుంది అవ్వా అన్నరు. ఆకలన్నోణ్ణి ఎవలని అడుగుత? నా కొడుకు తన కోసం పెట్టుకున్న జొన్నరొట్టె ఇచ్చిండు. గంతే. ఆళ్ళెవలో మాకు ఎర్క లేదు."

అంత మాటకు నా దగ్గర మూడే ఇంగ్లీషు మాటలున్నాయి. "సన్... గివ్... బ్రెడ్" అన్నాను. తొందరలో, చివరి మాటలో ముందు అక్షరం నోట్లోనే ఉండిపోయింది.

ఆయన కలం ఆపి తలెత్తాడు. "రెడ్? సన్ రెడ్?"

రెడ్ అంటే వాళ్ళ నోట సంఘం మనిషి అని అప్పటికే నాకు తెలుసు అక్కా. ఆయన ఏ మాట అన్నాడో ఆ క్షణాన నాకు సరిగ్గా వినపడిందో లేదో ఇప్పటికీ చెప్పలేను. అనుమానం మాత్రం వచ్చింది. అనుమానం వచ్చినప్పుడు మళ్ళీ అడగాలి. అడిగితే నాకు ఇంగ్లీషు రాదని బయటపడుతుంది. ఏమీ రానివాడివి ఎందుకొచ్చావని నన్నూ కొడతారేమో.

"యెస్ సర్" అన్నాను.

ఆయన రాసుకున్నాడు. లచ్చవ్వ నా వైపు తిరిగి, "సారు ఏమన్నడు బిడ్డా?" అంది.

"రాసుకుండు అవ్వా."

ఆమె రెండు చేతులతో నా చెంపలు నిమిరింది. "మంచిగ జెప్పినవ్ బిడ్డా. నీ తల్లి కడుపు సల్లగుండ" అంది. ఆమె చేతులు నా మొహం మీద ఉండగానే వెనక జవాన్లు సమ్మయ్య రెక్కలు విరిచి కట్టారు. "అవ్వా, నువ్వు ఇంటికి పో, నేనొస్త" అంటూనే అతను లారీ ఎక్కాడు.

ఆ సాయంత్రం పంతులు దగ్గరకు పోయి అంతా చెప్పాను. "నువ్వు ఎట్ల అన్నవో మల్ల అను" అన్నాడు. అన్నాను. పలక మీద రెండు మాటలూ పక్కపక్కన రాశాడు. నన్ను తిట్టలేదు.

"తప్పు నాది గూడ ఉంది" అన్నాడు. "నాకు రాదు అని ఇంగ్లీషుల ఎట్ల జెప్పాల్నో, నీకు ముందుగాల అది నేర్పాల్సిండే."

మరునాడు పొద్దున బండికి ఇద్దరమూ గార్లలో దిగి, వానలో క్యాంపు దాకా నడిచిపోయాం. పంతులు మంచి ఇంగ్లీషులో నెమ్మదిగా అంతా చెప్పాడు. అధికారి విని, నన్ను చూపిస్తూ ఏదో అడిగాడు. నిన్న అవునన్నది నువ్వే కదా అని అడిగాడట. నేను తల వంచుకున్నాను. మనిషినీ కాగితాలనూ అప్పటికే వరంగల్ పంపించేశారనీ, తాను ఒక చీటీ రాస్తాననీ చెప్పాడు. రాశాడో లేదో మాకు తెలియదు. పదిహేను రోజులకు పంతులే వరంగల్ పోయి జైల్లో సమ్మయ్యను చూసి వచ్చాడు. బతికే ఉన్నాడు. బాగా కొట్టారు. కుడి చెయ్యి పైకి లేవడం లేదట.

లచ్చవ్వ ప్రతి బుధవారం నడుచుకుంటూ షెడ్డుకు వస్తుంది. ఆమెకు తెలిసినంతలో ఇంగ్లీషు వచ్చిన మనిషిని నేనే. "నా కొడుకు ఎప్పుడొస్తడు బిడ్డా?" అని అడుగుతుంది. రెండు వారాలు 'వస్తడు' అన్నాను. మూడో వారం ఆమె నా కోసం కొంగులో కాల్చిన మక్కకంకి తెచ్చింది. ఇక దాచలేకపోయాను.

"అవ్వా, నీ కొడుకును పట్టిచ్చింది నేనే. నువ్వు రొట్టె అన్నవ్. నేను చెప్పింది ఆ సారుకు సంఘపోడు అన్నట్టు వినొచ్చింది."

ఆమె నా దగ్గరికి జరిగింది. "ఆ మాటలేందో నాకు వినిపియ్యి" అంది.

"బ్రెడ్. రెడ్."

పెదాలు కదిపి తనలో తాను అనుకుంది. "రెండు ఒక్కతీర్గనే ఉన్నయ్ గద."

"ఉన్నయ్ అవ్వా."

"సారు మల్ల అడిగిండు గద. కాదని ఎందుకనలే?"

"భయమైంది."

"నాకు గూడ భయమైంది" అంది లచ్చవ్వ. "అయినా నేను ఉన్నదే జెప్పిన."

మక్కకంకి బస్తా మీద పెట్టి, కొంగు నెత్తిన కప్పుకుని వానలోకి వెళ్ళిపోయింది. ఆ తర్వాత కూడా బుధవారం బుధవారం వస్తూనే ఉంది. ఇప్పుడు నా దగ్గరకు రాదు. పంతులు ఇంటికి పోయి అడుగుతుంది. షెడ్డు ముందునుంచే నడిచిపోతుంది గాని ఇటు తిరిగి చూడదు.

పంతులు ఇంగ్లీషులో ఒక దరఖాస్తు రాశాడు. నాకు ఇంగ్లీషు రాదనీ, రాకుండానే తర్జుమా చేశాననీ, ఆ తల్లి అన్నది రొట్టె అనీ అందులో ఉంది. "దస్కతు పెట్టే ముందుగాల మంచిగ ఆలోచన జెయ్యి. నిన్ను గూడ లోపల ఏస్తరేమో" అన్నాడు. ప్రతి మాటకూ అర్థం అడిగి తెలుసుకుని, నిన్న దస్కతు చేశాను. శుక్రవారం ఇద్దరం వరంగల్ పోయి ఇస్తాం. వాళ్ళు వింటారని నాకు పెద్ద ఆశ లేదు. ఊరుకుంటే మాత్రం తిన్న మెతుకు దిగడం లేదు.

అక్కా, శుక్రవారం తర్వాత నా ఉత్తరం రాకపోతే భయపడకు. బావను వెతకడానికి పంపకు, దారులు బాగాలేవు. సంగతి ఏదైనా పంతులే రాస్తాడు. అవ్వ అడిగితే పని ఎక్కువగా ఉందని చెప్పు. చలి రాకముందే ఆమెకు నా గొంగడి ఇవ్వు, నాకు ఇక్కడ ఒకటి ఉంది. పెద్దనాయినకు, పక్కింటి ఎల్లమ్మత్తకు నా దండాలు చెప్పు. పిల్లల తలలు నిమురు.

ప్రతి ఉత్తరం చివర నన్ను దీవించమని అడుగుతాను. ఈసారి అడగాలంటే సిగ్గుగా ఉంది. నాకు పెట్టే దీవెన సమ్మయ్య పేరు మీద పెట్టు.

నీ తమ్ముడు,
నర్సింహులు