గోడ పక్క పాదు

నేరేడుచర్ల,
ఆదివారం.

బావకు ఆండాలు నమస్కారం చేసి రాస్తున్నది.

ఇక్కడ మేము క్షేమం. మొదట అదే రాయాలి కాబట్టి రాశాను. మన బిడ్డ సౌమ్య సూర్యాపేట హాస్టల్లో ఉండి డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. గేదె ఈనింది, పెయ్యదూడ. జైలు నర్సరీలో నువ్వు కట్టిన అంట్లన్నీ పట్టాయని రాశావు, సంతోషం. అత్తమ్మ పెట్టిన మామిడికి తప్ప ఇంట్లో దేనికీ చెంబెడు నీళ్లు పోయని మనిషివి, ఇప్పుడు నాకు నాలుగు పేజీల మొక్కల పాఠం పంపావు.

ఆరు నెలలకు పోయే పూలమొక్కలు వద్దు, మన తరువాత కూడా నిలిచేవి ఎంచమన్నావు. సంపెంగ వాకిట్లో కుదరదు. కరెంటు తీగ కిందికి జారింది, లైన్‌మన్ ఏటా వచ్చి కొమ్మలు నరికిపోతాడు. ఉసిరికి పెరటి మూల చోటుంది. కరివేపాకు కొత్తగా పెట్టే పని లేదు, ఉన్నదే నన్ను దాటి పెరిగింది. ఇంట్లో నీడకు బతికే కుండీ మొక్క సంగతి అడిగావు. కత్తుల్లా నిలువు ఆకులుండే మొక్క ఒకటి సౌమ్య తెచ్చింది. నెలరోజులు నీళ్లు మరిచిపోయినా చావలేదు. ఈ ఇంటికి తగిన మొక్క అదే.

ఇక గోడ పక్క పాదు. మామిడి ఎండిపోయిన చోటనే కొత్త అంటు పెట్టాలని, మట్టి కోదాడ నర్సరీలో చూపించమని రాశావు. బుధవారం సంచిలో మట్టి కట్టుకుని బస్సెక్కాను. నర్సరీ ఆయన చిటికెడు నాలుక మీద వేసుకొని వెంటనే ఉమ్మేశాడు.

"ఇదేంటమ్మా, ఇంత ఉప్పగా ఉంది? దీంట్లో మామిడి కాదు కదా, గడ్డి కూడా రాదు. బోరు నీళ్లు పెడుతున్నారా?" అన్నాడు.

"ఔ సార్, బోరు నీళ్లే" అన్నాను. ఎవరో తెలియని మనిషి దగ్గర కూడా నాకు అబద్ధమే ముందు నోటికొచ్చింది. తిరుగు బస్సులో కూర్చుని నన్ను నేనే తిట్టుకున్నాను.

నీ ఉత్తరం చివర ఒక మాట రాశావు. "వచ్చే నెల బయటికొస్తున్న. కొత్త మొక్క పెట్టినంక లక్ష్మణ్ గాడు గోడ మీదికెల్లి తొంగి సూస్తే ఆ మిగిలిన కన్ను గూడ ఉండది." జైలు సార్లు ఉత్తరాలన్నీ చదివే పంపుతారని నువ్వే చెప్పావు. ఇన్ని మొక్కల పేర్ల మధ్య ఆ మాట వాళ్లకు కనబడలేదేమో. నాకు కనబడింది. లక్ష్మణ్ నీ సొంత చిన్నాయన కొడుకు. ఉన్న ఒక్క కన్నుతోనే పొలం చేసుకుంటున్నాడు.

ఇది ఫోన్లో చెప్పలేను. నీకిచ్చే ఐదు నిమిషాలు నువ్వు అరవడానికే సరిపోవు. అందుకని రాస్తున్నాను. ఆ చెట్టును లక్ష్మణ్ చంపలేదు బావా. నేను చంపాను.

ఏటా పూత విరగబూసేది, గోళీకాయంత పిందె కాగానే రాలిపోయేది. నువ్వు లేని పూట నేనే నీళ్లు పోసేదాన్ని కాబట్టి, "నీ చేతి నీళ్లకు గింతే అయితది" అని నలుగురి ముందు అనేవాడివి, నవ్వేవాడివి. మిర్యాలగూడ నుంచి వచ్చే ఆటోలో ఒకామె, కొబ్బరిచెట్టు మొదట్లో ఉప్పు పోస్తే గెలలు మోయలేకపోయిందని చెప్పింది. కొబ్బరికి పనిచేసింది మామిడికి చేయదా అనుకున్నాను. నువ్వు పొలం పోయాక పాదు తవ్వి, పచ్చళ్లకు తెచ్చిన దొడ్డు ఉప్పు పోసి నీళ్లు పెట్టాను. ఒకసారి కాదు, మూడు వారాల్లో మూడుసార్లు. బస్తా ఖాళీ అయింది. చెట్టునిండా కాయలు చూపించి నీ నోరు మూయించాలనుకున్నాను. నెల తిరిగేసరికి ఆకుల అంచులు మాడాయి, తరువాత చెట్టంతా ఎండింది.

ఆ రోజు నువ్వు చెట్టు మొదట్లో గడ్డపార పట్టుకొని నిలబడి "ఎవడు జేసిండే గిది?" అని అరిచావు. ఉప్పు మాట గొంతు దాకా వచ్చింది. గడ్డపార చూశాను. "పోయిన నెల ఒకనాడు పొద్దుగాల లక్ష్మణ్ గడ్డిమందు డబ్బా పట్టుకొని గోడ పక్కకెల్లి పోయిండు" అన్నాను. అది నిజమే. తన పొలం గట్టుకు కొట్టుకోవడానికి పట్టుకుపోయాడు. నిజమే చెప్పాను కదా అని ఇన్నేళ్లు నన్ను నేను సముదాయించుకున్నాను. సూర్యాపేట కోర్టులో కూడా ఆ డబ్బా మాటే చెప్పి బోను దిగి వచ్చాను.

నీ గడ్డపార దెబ్బకు కన్ను పోయి కిందపడ్డాక కూడా లక్ష్మణ్ "అన్నా, నీ కాళ్లు మొక్కుత, నేను ముట్టలే" అంటూనే ఉన్నాడు. నువ్వు వినలేదు. నేను విన్నాను.

భయపడి చెప్పలేదంటే సగమే నిజం. నువ్వు లేని ఈ నాలుగేళ్లు కూరలో ఉప్పెక్కువైందని పళ్లెం విసిరినవాళ్లు లేరు. నేను హాయిగా నిద్రపోయాను. ఆ నిద్ర పోతుందనే చెప్పలేదు. అవతల ఒక మనిషి కన్ను పోగొట్టుకుని, నింద కూడా మోస్తున్నాడని తెలిసే నిద్రపోయాను. నా మీద నాకు అసహ్యంగా ఉంది.

నిన్న గోడ అవతలికి పోయి చెప్పాను. లక్ష్మణ్ చేతిలోని గడ్డిమోపు కింద పెట్టాడు. "గంతమంది నన్ను 'నువ్వే మందు పోసినవ్' అనబట్టిరి వదినా. ఆఖరికి నేనే పోసిన్నేమో అని నాకే అనుమానమొచ్చింది" అన్నాడు. నాగరాణి మొగుడి పక్కనే నిలబడింది. "అక్కా, ఇగ మా గడప తొక్కకు" అన్నది. వచ్చేశాను.

జైలు సార్లు దీన్ని నీకంటే ముందు చదువుతారు. చదవనీ. సౌమ్యకు కూడా ఒక నకలు పంపాను. ఇక ఇది మనిద్దరి మధ్య దాగే మాట కాదు.

మొక్కలు తెస్తానన్నావు, తే. మూడడుగుల లోతు మట్టి తీసేసి చెరువు మట్టి నింపాలని నర్సరీ ఆయన చెప్పాడు. తవ్వడం నేనే మొదలుపెట్టాను. నీ గడ్డపార పోలీసుల దగ్గరే ఉండిపోయింది కదా, కొత్తది కొన్నాను. పాదు పక్కనే ఆనించి పెట్టాను. వచ్చినప్పుడు కోపం పట్టలేకపోతే గోడ అవతలికి పోవద్దు. నీ చెట్టును చంపిన మనిషి గోడ ఇవతలే ఉంటుంది.

ఇట్లు,
నీ మేనమామ కూతురు
ఆండాలు