షెవెల్ వెనక మోగిన హారన్లు

అమ్మా నదీన్,

నేను క్షేమం. నా కళ్ళు బాగానే ఉన్నాయి, కారు నడపడం మానాల్సిన పని లేదు. మా పాతకార్ల క్లబ్బు డూయీ నీకు ఫోన్ చేశాడని తెలిసింది కనుక జరిగింది నేనే రాస్తున్నాను.

మీ అమ్మ షెవెల్ కారుకు పాత వెనక ఇరుసు తీసి గట్టిది వేశాను. దాని పళ్ళచక్రాల లెక్క వేరు. స్పీడు మీటరు కూడా దానికి తగ్గట్టు సరిచేయాలి. ఫిజిక్సు పాఠం చెప్పినవాణ్ణి, అది మరిచిపోయాను. ముల్లు ఎక్కువ వేగం చూపిస్తుంటే కారు నత్తలా నడిచింది.

శనివారం మీ అమ్మ లొరెట్టా జ్ఞాపకార్థం క్లబ్బు కార్లన్నీ వరుసగా బయల్దేరాయి. అన్నిటికీ ముందు నాది. కొంతదూరం వెళ్ళాక వెనక హారన్లు మొదలయ్యాయి. లొరెట్టాకు గౌరవంగా మోగిస్తున్నారనుకుని, కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి ఊపాను. హారన్లన్నీ ఆగిపోయాయి.

దిగాక డూయీ అన్నాడు: "ఏరా వాల్టరూ, లొరెట్టా ఉంటే నిన్ను పక్క సీట్లోకి తోసేసేది! వెనక మా ఇంజన్లు ఉడికిపోయాయి."

"మరి హారన్లు ఎందుకు ఆపారు?"

"నువ్వు చెయ్యి ఊపావు కదరా. ఇంకెవడికి మనసొప్పుతుంది?"

అప్పటినుంచి వాళ్ళకు ముఖం చూపలేక, రోజూ అందరం కలిసే పొద్దుటి కాఫీకి వెళ్ళడం లేదు. నిన్న డూయీ వచ్చి తలుపు తడితే ఇంట్లో లేనట్టు కూర్చున్నాను.

పాప బెక్కా దగ్గు తగ్గిందా? మీ అమ్మ ఉన్నికోటు నీకు పంపనా, ఇక్కడే ఉంచనా?

డూయీ మళ్ళీ ఫోన్ చేస్తే, శుక్రవారం కాఫీకి వస్తానని చెప్పు. నాకు నోరు రావడం లేదు.

పిల్లకు, నీకు నా దీవెనలు.
నాన్న