బాటసింగారం వంకాయలు

అక్కా, దేవుని దయవల్ల ఎల్బీ నగర్‌లో మేమందరం బాగున్నాం, బెంగపడకు.

బాటసింగారం దగ్గర మేం వేసుకున్న చిన్న తోట నుంచి నీ మరిది ప్రతి ఆదివారం సంచెడు వంకాయలు తెస్తున్నాడని చెప్పాను కదా. అన్నీ ఒకే సైజు, ఒక్కదానికీ పుచ్చు లేదు. ఆయన చెప్పులకు మట్టి కూడా అంటడం లేదు. అనుమానం వచ్చి, మొన్న చర్చి అయ్యాక నేనూ వస్తానని బండెక్కి కూర్చున్నాను. వెళ్లి చూస్తే తోటంతా కోతులు పీకేసిన మొక్కలే.

"ఏందయ్యా, మరి గా వంకాయలు ఎక్కడియి?" అన్నాను.

"దిల్‌సుఖ్‌నగర్‌ల కొన్న. మా తోటయి అని నువ్వు పాస్టరమ్మకు గూడ పంచుతుంటివి, ఇగ ఎట్ల చెప్పాలె?" అన్నాడు తల దించుకుని.

ఆయన ముఖం చూసి కోపం మింగేశాను. కంచె పక్కన ఒక్క మొక్క మిగిలింది. దాని కాయను నా చేత్తోనే తెంపి, పుచ్చు తీసేసి, రాళ్ల మధ్య మంటపెట్టి కాల్చాను. ఉప్పు, ఉల్లిగడ్డ నంజుకుని ఇద్దరం తిన్నాం. అంత రుచి నేనెరగను.

బావ మోకాలి నొప్పి తగ్గిందా? పిల్లలకు మా దీవెనలు. మీ సుమన్ ఇటు వచ్చేటప్పుడు నీ పెరటి వంకాయ విత్తనాలు పంపు. నీ మరిది చేతికి కాదు, నా చేతికే ఇమ్మను.

ప్రార్థనలో నిన్ను మరువని చెల్లెలు,
కరుణ