గ్లౌజుల కోత

జులై 1, 1992
సున్నం మిల్లులో కూలి కవర్లు పంచారు. గంటల లెక్కన పనిచేసే వాళ్లందరికీ కూలిలో మళ్లీ గ్లౌజుల కోత. నాకూ, చిన్నమ్మకూ. సున్నం సంచులు నింపేది మేమే, చేతి తొడుగుల ఖర్చూ మాదే. అసహ్యం.

జులై 2
గ్రైండర్ నడిపే ఖాజా భాయ్ టీ కొట్టు దగ్గర చెప్పాడు... ఆడిటర్ వచ్చి పోయాడట. "మన గ్లౌజులు సేటు తన ఖర్చుల్ల రాసుకుండు. గంత పన్ను తక్కువ కడ్తడు."
మా కూలిలోంచి కోసుకుంటాడు. అదే ఖర్చు సర్కారుకు చూపిస్తాడు. మరి మేం కొన్నవి మాకు ఏ పన్నులో తగ్గుతాయి అని అడిగా. భాయ్ నవ్వాడు— "పన్ను పడేటంత జీతం ఉంటే గద భాయ్, తగ్గనీకి."
ఆ నవ్వు మీదే ఎక్కువ కోపం వచ్చింది. నిజం చెప్పాడు కాబట్టి.

జులై 5, ఆదివారం
చిన్నమ్మ ఇంట్లో గ్లౌజులు కొక్కేనికి వేలాడుతున్నాయి. మడత కూడా నలగలేదు. గేటు దగ్గర చూపించి లోపలికి పోతుంది. పోయాక వాటిని నడుముకు దోపుకుని, చేతులకు పాత చీర పేలికలు చుట్టుకుంటుంది. ఈమె ఒక్కతే కాదు, సంచుల దగ్గర ఆడవాళ్లంతా అంతే.
"చినిగితే మళ్ల కోస్తరు గదరా. గీ పేలికలకు ఎవడు కోస్తడు?"
దోపిడీ మీద ఎన్ని కరపత్రాలు చదివాను... ఇది ఏ ఒక్కడూ రాయలేదు.

జులై 6
షెడ్డులో అందరికీ చెప్పా— తొడుక్కుందాం, చిరిగినవి తెచ్చి మేనేజర్ బల్ల మీద పడేద్దాం, కోత ఒప్పుకోవద్దు.
చిన్నమ్మ జోడీ నర్సమ్మ సంచి కుడుతూ తలెత్తలేదు. "పడేసినంక పొయ్యి మీద నీ కాయితాలు ఉడకబెట్టుకుందుమా, బిడ్డా?"
అందరూ నవ్వారు. చిన్నమ్మ కూడా.

జులై 9
పొద్దున్నుంచీ వాన.

జులై 10
షెడ్డు రేకు కారింది. పేలికలు తడిశాయి, వాటిలో చిక్కుకున్న సున్నం సలసలా ఉడికింది. ముడి విప్పేసరికి చిన్నమ్మ కుడి అరచేతి తోలు పేలికతో పాటే ఊడి వచ్చింది. కట్టంగూర్ నుంచి లారీ పట్టుకుని నల్గొండ దవాఖానకు తీసుకుపోయా.
ఏడవలేదు. దారిలో ఒకటే మాట— "నడుముల గ్లౌజులున్నయి, తడవకుండ తీసి పెట్టు."

జులై 13
మేనేజర్ దగ్గరికి పోయా. దవాఖాన ఖర్చు ఇవ్వడట.
"గ్లౌజులు ఇచ్చినం. ఆమె కూలిల కోసినం గూడ, రుజువుంది. తొడుక్కోకపోతే మేమేం జేస్తం?"
కోసిన కోతే వాడికి సాక్ష్యం. నోట్లో ఉమ్మి ఊరింది... మింగా.

జులై 14
లేబర్ ఆఫీసర్‌కు అర్జీ ఇచ్చా. ఎల్లుండి విచారణకు వస్తానన్నాడు. చూసినవాణ్ని నేనే కాబట్టి నన్ను పిలుస్తాడు.

జులై 15
చెప్పాల్సింది అనుకున్నా. కోత భయానికే ఎవరూ తొడుక్కోరు. అంతే, ఉన్నది ఉన్నట్టు.
సాయంత్రం నర్సమ్మ, ఇంకో ఇద్దరు వచ్చి చిన్నమ్మ ఇంటి అరుగు మీద కూర్చున్నారు.
"తొడుక్కోనోళ్లకు పని లేదని మేనేజర్ గేటుకు రాసి పెట్టిండు. నువ్వు గట్ల జెప్తే మా అందర్ని బయట నిలబెడ్తడు."
రోజూ తొడుక్కుంటున్నామనే చెబుతారట. అయితే చిన్నమ్మ చెయ్యి ఎట్లా కాలింది? ఒకామె అంది— "ఆమె గ్లౌజులు జర పొయ్యిల పెడ్తే... కాలినట్టు కనబడ్తయి. తొడుక్కున్నా చెయ్యి కాలిందని చెప్దం."
చిన్నమ్మ ఒప్పుకోలేదు. చెయ్యి మానాక పనికి పోవాలట, అవి లేకుంటే గేటు దాటనివ్వరట.
ఎవరి మీద కోపం తెచ్చుకోవాలి? నోరు విప్పితే కూలి పోయేది వీళ్లకే. విప్పకపోతే ఆ అరచెయ్యి ఆమె సొంత తప్పు అయిపోతుంది. రెండూ సేటుకే లాభం. థూ.

వాళ్లు పోయారు. కంచంలో అన్నం పెట్టి పప్పు పోశా. ఆమె ఎడమ చేత్తో కలపలేకపోతోంది. నేను కలిపి ముద్ద చేసి అందించా. నోరు తెరవలేదు.
"రేపు నువ్వు పనికి పోకు బిడ్డా. నీకు జరమొచ్చిందని ఆఫీసర్‌కు నేను చెప్త."
తిను, అన్నా.
"ముందుగాల ఊఁ అను."
ఇంకా అనలేదు.